నిప్పుకంటె ముందు లెక్క
(నల్లగొండ సీమలోని యొక వాచకాలయమున గావించిన యుపన్యాసము)



దీపావళినాటి రాత్రి తారాజువ్వను వెలిగించి ఆకసమువంక చూడని పల్లె మన నల్లగొండ, మహబూబునగరు సీమలలో నుండదు. జువ్వ రివ్వున పోవగనే "అబ్బో, ఎంత యెత్తు పోయినది!" అని అందఱును అందురు. ఆ యెత్తు ఎన్ని బారలు, అంత యెత్తు పోవుటకు దానికెంత బలము కావలసివచ్చినది, అని యడుగువారు మాత్రము అరుదు. ఈ నడుమ బడిపిల్లలు కొందఱు మమ్ము ఆ ప్రశ్ననే యడిగిరి. ఒక చిన్న నమూనా రాకెట్టు మనము కోరిన యెత్తునకు చేరవలెనన్న దానికెంత త్రోపుడుబలము కావలయును? నేటి మా ప్రసంగమునకు ఇదియే విషయము.

మేము న్యాయవాదులము, ఇంజనీరులము గాము. అయినను ఈ విషయమునుగూర్చి మాటలాడుటకు మాకు కొంత యలవాటు గలదు. న్యాయస్థానమున సాక్షి "చాల దూరమునుండి చూచితిని" అనిన న్యాయాధిపతి యొప్పుకొనడు, "ఎన్ని గజములు?" అని యడుగును. అచ్చట "చాల" అను మాటకు విలువ లేదు, అంకెకు విలువ గలదు. ఆ యలవాటును మందుగుండు విషయమునకు గొనివచ్చుటయే మా పని. కళాశాలలో మేము చదివిన గణితము దీనికి మిగులును. తొమ్మిదవ తరగతి బాలబాలికల గణితము దీనికి చాలును.

మొదట త్రోపుడుబలమన నేమో తెలిసికొందము. జువ్వ గొట్టములోని మందు మండగా పుట్టిన వాయువులు క్రింది రంధ్రమునుండి మహావేగముతో వెడలును. గొట్టము వాయువులను క్రిందికి త్రోయును, వాయువులు గొట్టమును పైకి త్రోయును. 1687లో న్యూటను మహాశయుడు ప్రకటించిన మూడవ సూత్రమిదియే. సెకనుకు ఎన్ని కిలోల వాయువు వెడలుచున్నదో ఆ యంకెను, ఆ వాయువు వేగముతో గుణించిన త్రోపుడుబలము న్యూటన్లలో తేలును. సెకనుకు 20 గ్రాముల మందు కాలి, వాయువు సెకనుకు 800 మీటర్ల వేగముతో వెడలిన, 0.02ను 800తో గుణింపగా 16 న్యూటన్లు. న్యూటను అన నెంత యందురేమో! నూరు గ్రాముల తూనికరాయిని అరచేత బెట్టుకొన్నచో తోచు బరువు ఇంచుమించు ఒక న్యూటను.

ఇచ్చట నొక సందేహమును తీర్చవలసియున్నది. రాకెట్టు క్రిందనున్న గాలిని తన్నుకొని పైకి లేచునని పలువురు తలంచుచుందురు. అట్లు తలంచినవారు సామాన్యులు మాత్రమే గారు. అమెరికా దేశమున గొడార్డు అను శాస్త్రజ్ఞుడు, రాకెట్టు గాలిలేని చోటనుకూడ పోగలదని చెప్పగా, 1920 జనవరి 13వ తేదీని న్యూయార్కు టైమ్సు పత్రిక తన సంపాదకీయములో ఆయనను ఎగతాళి చేసెను. గొడార్డు మాటలతో బదులు చెప్పుటకంటె పని చేయుట మేలనుకొనెను. 1926 మార్చి 16న ఆయన ద్రవ ఇంధనపు రాకెట్టు రెండున్నర సెకనులు ఎగిరి 41 అడుగుల యెత్తు చేరినది. మనుష్యులు చంద్రునివైపు పయనించుచుండగా 1969 జూలై 17న ఆ పత్రిక తన పొరపాటును ఒప్పుకొన్నది. నలువదితొమ్మిదేండ్లు! లెక్క వేయక వ్రాసిన వాక్యమునకు అంత ఆలస్యముగా గాని దిద్దుబాటు రాలేదు. పత్రికలు వ్రాయువారును, చదువువారును దీనిని గుర్తుంచుకొనదగును.

ఇక లెక్కకు వత్తము. మన రాకెట్టు అట్టగొట్టముతో చేసినది; దాని ద్రవ్యరాశి మందుతో గూడ 200 గ్రాములు, అనగా 0.2 కిలో. భూమి దానిని క్రిందికి లాగు బలము, అనగా దాని భారము, ఇంచుమించు 2 న్యూటన్లు. గురుత్వ త్వరణము సరిగా 9.8 అయినను, పలకమీద లెక్క సులువగుటకు 10గా గొందము. మందు ఒక్క సెకను మాత్రము మండునని యనుకొందము. త్రోపుడుబలము 14 న్యూటన్లయినచో రాకెట్టు ఎంత యెత్తు పోవును?

పైకి త్రోయునది 14, క్రిందికి లాగునది 2. మిగిలినది 12 న్యూటన్లు. పన్నెండును 0.2చే భాగించిన 60. అనగా రాకెట్టు వేగము సెకనుకు 60 మీటర్ల చొప్పున పెరుగును. ఒక సెకను ముగియునప్పటికి వేగము 60 మీటర్లు. ఆ సెకనులో మొదట సున్న, చివర 60, సగటు 30, కాబట్టి మందు అయిపోవునప్పటికి ఎక్కిన యెత్తు 30 మీటర్లు. మందు అయిపోయినను రాకెట్టు ఆగిపోదు. ఒడిసెల విడిచిన రాయి యెట్లు పోవునో అట్లే పోవుచుండును. భూమి దాని వేగమును సెకనుకు 10 మీటర్ల చొప్పున తగ్గించును; కనుక 60 మీటర్ల వేగము తీఱుటకు 6 సెకనులు పట్టును. ఆ యాఱు సెకనులలో సగటు వేగము 30. ఎక్కిన యెత్తు 180 మీటర్లు. ముప్పదియు నూటయెనుబదియు గూడి 210 మీటర్లు.

చూచితిరా! మందు మండినపుడు ఎక్కినది ఏడవ వంతు మాత్రమే; తక్కిన ఆఱు వంతులు ఆ మొదటి సెకనులో సంపాదించిన వేగముచే ఎక్కినవి. బాల్యమున నేర్చిన విద్య జీవితమంతయు మోయుట వంటిదే యిది.

దీనినే తలక్రిందుగా బెట్టిన, కోరిన యెత్తునుండి కావలసిన బలమును తెలిసికొనవచ్చును. సూత్రమును మాటలలో చెప్పెదము, విద్యార్థులు వ్రాసికొనుడు. త్రోపుడుబలము భారమునకు ఎన్నింతలో ఆ యంకెను, దానికంటె ఒకటి తక్కువైన యంకెతో గుణింపుడు. వచ్చినదానిని ఐదుతో గుణింపుడు. మందు మండు సెకనుల వర్గముతో మరల గుణింపుడు. అదియే మీటర్లలో ఎత్తు. మన రాకెట్టుకు బలము భారమునకు ఏడింతలు: ఏడాఱులు నలువదిరెండు, దానికి ఐదింతలు 210. ఇక 300 మీటర్ల యెత్తు కావలెననుకొనుడు. మూడువందలను ఐదుచే భాగించిన 60. ఎనిమిదేడులు 56, తొమ్మిదెనిమిదులు 72; కావున మన యంకె ఎనిమిదికి కొంచెము పైన, 8.26 వద్ద నుండును. రెండు న్యూటన్ల భారమునకు అన్నింతలన్న 16.5 న్యూటన్లు. ఎత్తు సగముకంటె కొంచెము తక్కువగా పెరిగినది. బలము మాత్రము రెండున్నర న్యూటన్లే పెరిగినది.

అయితే బలమొక్కటియే చాలునా? బలమును తగ్గించి మందు ఎక్కువసేపు మండునట్లు చేసిన నేమగును? రెండు సెకనులు మండునని పెట్టి చూడుడు. అప్పుడు 210 మీటర్ల యెత్తుకు బలము భారమునకు 3.78 ఇంతలున్న చాలును, అనగా 7.6 న్యూటన్లు. బలము సగమునకు దగ్గఱగా తగ్గినది. కాని బలమును కాలముతో గుణింపుడు. దానికి ప్రచోదనమని పేరు. మొదటి రాకెట్టుకు 14, రెండవ రాకెట్టుకు 15. మెల్లగా పోవు రాకెట్టు మందు నెక్కువ కాల్చినది. ఏలయన అది మండుచున్న ప్రతి క్షణమును భూమికి పన్ను చెల్లింపవలసియున్నది. దానికి మఱియొక అపాయమును గలదు. ఒక మీటరు పొడవైన ఊచ వెంబడి పైకి జారి విడివడు సమయమునకు మొదటిదాని వేగము సెకనుకు 11 మీటర్లు. రెండవదాని వేగము ఏడున్నర. వేగము చాలని రాకెట్టును దాని రెక్కలు నిలువుగా నుంచజాలవు. గాలి వీచిన అది ఒక ప్రక్కకు తిరిగి పోవును. అందుచే నమూనా రాకెట్లు చేయువారు, త్రోపుడుబలము భారమునకు ఐదింతలకు తగ్గరాదని యొక కట్టుబాటు పెట్టుకొన్నారు. మన మెట్టపొలములలో వేసవినాడు గడ్డివాము లెన్ని యుండునో, సుడిగాలులెట్లు లేచునో మీకు తెలియును. ప్రక్కకు తిరిగిన రాకెట్టు ఎవరి వాముమీద పడునో యెవరు చెప్పగలరు?

ఇంతవఱకు గాలిని లెక్కలోనికి తీసికొనలేదు. గాలి తన వంతు అడుగక మానదు. నాలుగు సెంటీమీటర్ల వ్యాసము గల నున్నని రాకెట్టు సెకనుకు 60 మీటర్ల వేగముతో పోవునపుడు గాలి దానిని 1.36 న్యూటన్ల బలముతో అడ్డగించును. మన రాకెట్టు భారము రెండు న్యూటన్లు. అడ్డగించునది దానిలో మూడింట రెండు వంతులు! వేగము రెండింతలైన ఈ యడ్డంకి నాలుగింతలగును. ఒక సెకనును పది భాగములు చేసి, ఒక్కొక్క భాగమునకు బలమును, భారమును, గాలి యడ్డంకిని వ్రాసికొనుచు, వేగమును, ఎత్తును తేల్చుచు పలకమీద లెక్కింపవచ్చును. అట్లు లెక్కింపగా 210 మీటర్లు పోవలసిన రాకెట్టు 160 మీటర్ల వద్దనే నిలిచిపోవును. నాలుగవ వంతు యెత్తును గాలి మ్రింగినది. గాలి యున్నను 210 మీటర్లే కావలెనన్నచో బలమును 14నుండి ఇంచుమించు 16.6 న్యూటన్లకు పెంచవలయును. అట్టి రాకెట్టుకు మన యుదాహరణములోని మందు 21 గ్రాములు పట్టును. మందు కాలినకొలది రాకెట్టు తేలికయగుననియు, మన సీమ సముద్రమునకు కొన్ని వందల మీటర్ల యెత్తున నుండుటచే వేసవిలో గాలి పలుచబడి యడ్డంకి కొంత తగ్గుననియు గుర్తింపవలెను. ఇవి లెక్కను సవరించునవి. మూలమును మార్చునవి గావు.

లెక్క సరియైనదని యెట్లు తెలియును? వాదమునకు సాక్ష్యమెట్లో లెక్కకు కొలత అట్లు. రాకెట్టునకు 100 మీటర్ల దూరమున నిలువబడి, కోణమానికకు దారము గట్టి, దారమునకు రాయి వ్రేలాడదీసి, రాకెట్టు చేరిన మిక్కిలి యెత్తైన చోటును చూచి కోణమును గుర్తింపుడు. కోణము 64½ డిగ్రీలైన ఎత్తు 210 మీటర్లు. 58 డిగ్రీలైన 160 మీటర్లు. గాలిని మఱచిన లెక్క నిజమా, గాలిని తలచిన లెక్క నిజమా యను తగవును ఆఱున్నర డిగ్రీలు తీర్చివేయును. ఈ కొలతను రాకెట్టుతోనే మొదలుపెట్టనక్కఱలేదు. నల్లగొండవారికి లతీఫు సాహెబు గుట్టయు, కాపురాల గుట్టయు గలవు; మహబూబునగరువారికి పిల్లలమఱ్ఱి గలదు. ముందు వాని యెత్తు కొలిచి చేయి కుదుర్చుకొనుడు.

"ఇది పిల్లల యాట, పెద్ద రాకెట్లకు వేఱు శాస్త్రమేమో" అని యెవరైన తలంపవచ్చును. శాస్త్రమొక్కటియే. మన దేశమువారు చేసి 1967లో తుంబా తీరమునుండి ఎగురవేసిన మొదటి రోహిణి రాకెట్టు వ్యాసము 75 మిల్లీమీటర్లు, అనగా మూడంగుళములు! 1971 అక్టోబరు 9న శ్రీహరికోటనుండి మొదట ఎగిరినది 125 మిల్లీమీటర్ల రోహిణి. ఆ చిన్న గొట్టములే పెద్ద నౌకలకు అక్షరాభ్యాసము చేసినవి. హైదరాబాదు నగరమున పవన్‌కుమార్ చందన, నాగభరత్ డాకా అను ఇరువురు ఇంజనీరులు 2018లో స్థాపించిన స్కైరూట్ సంస్థవారు 2022 నవంబరు 18న విక్రమ్-ఎస్ అను రాకెట్టును శ్రీహరికోటనుండి ఎగురవేసిరి. మన దేశములో ప్రైవేటు సంస్థ ఎగురవేసిన మొదటి రాకెట్టు అదియే. పొడవు 6 మీటర్లు, ద్రవ్యరాశి 545 కిలోలు, మిక్కిలి హెచ్చైన త్రోపుడుబలము ఇంచుమించు 7 టన్నుల బరువునకు సమానము, చేరిన యెత్తు 89.5 కిలోమీటర్లు. మన సూత్రముతో చూడుడు. ఏడువేలను 545చే భాగించిన ఇంచుమించు పదమూడు. మన యట్టగొట్టమునకు బలము భారమునకు ఏడింతలు, దీనికి పదమూడింతలు! గాలియే లేదనుకొన్నను, నేలనుండి విసరిన వస్తువు 89.5 కిలోమీటర్ల యెత్తు పోవుటకు సెకనుకు 1,325 మీటర్ల వేగము కావలయును. అది ధ్వని వేగమునకు నాలుగింతలకు దగ్గఱ. అంకెలు పెరిగినవి గాని, పలక యదియే, కూడికయు గుణకారమును అవియే.

సోదరులారా! ఇంతసేపు ఈ యంకెలను మీకు వినిపించుటకు కారణమును చెప్పవలసియున్నది.

దక్కను దేశమునకు ఈ విద్య క్రొత్తది గాదు. మైసూరు ప్రభువులైన హైదరలీ, టిప్పు సుల్తానుల సైన్యములలో ఇనుప గొట్టముల అగ్నిబాణములు వేయు దళములుండెను. 1780లో పొల్లిలూరు యుద్ధమునను, 1799లో శ్రీరంగపట్టణపు ముట్టడిలోను అవి ఆంగ్లేయ సైన్యములమీద ప్రయోగింపబడినవి. అట్టగొట్టమైన బ్రద్దలగునంత యొత్తిడిని ఇనుప గొట్టము తాళగలిగినందున వానికి బలము హెచ్చెను. శ్రీరంగపట్టణము పడిపోయిన పిమ్మట కొన్ని బాణములు ఇంగ్లాండు చేరినవి. అచ్చటి కాంగ్రీవు వానిని పరీక్షించి, మార్చి, తన పేర బాణములు చేసెను. ఆంగ్లేయులు వానిని 1807లో కోపెన్‌హేగను నగరముమీద ప్రయోగించిరి. ఊలిచ్చి సైనిక విద్యాలయమున గణితము బోధించు విలియం మూరు, రాకెట్ల గమనమును న్యూటను సూత్రములతో లెక్కగట్టి 1813లో నొక గ్రంథమును ప్రకటించెను. చూచితిరా! ఇనుపగొట్టమును కొట్టిన చేయి ఇచ్చటిది. దానిని లెక్కగా వ్రాసిన కలము అచ్చటిది. కొట్టిన కమ్మరుల పేర్లు మనకు తెలియవు. వ్రాసినవాని పేరు గ్రంథములలో నిలిచినది.

ఈ మాట పాత చరిత్రకే చెల్లునా? దేశమంతట ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసిన పాలమూరు కూలీల పేరు వినని యింజనీరు లేడు. చేయి మనదే, కాలువ వాలెంత యని కట్టిన లెక్క పరులది. నేడు ఉమ్మడి నల్లగొండ సీమలోనే, ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని పెద్దకందుకూరు మొదలగు చోట్ల, రాకెట్లకును, క్షిపణులకును వలసిన ఘన ఇంధనమును తయారుచేయు కర్మాగారములు గలవు. మన పల్లెల యువకులు అందు పనిచేయుచున్నారు. ఆకసమున కెగురు బాణములలోని మందు మన వాకిట కలియుచున్నదని గర్వింపవచ్చును. కాని 2025 ఏప్రిల్ 29న మోటకొండూరు మండలము కాటేపల్లిలో నట్టి కర్మాగారమునందు ప్రేలుడు సంభవించి మువ్వురు కార్మికులు మరణించిరి. ఆ యింటివారి దుఃఖమును మాటలతో తీర్పజాలము; ఎవరి తప్పని తీర్పు చెప్పుటయు మా పని గాదు. ఒక్క సంగతిని మాత్రము చెప్పెదము.

ప్రేలుడు పదార్థములతో పనిచేయు కర్మాగారమున, ఒక్కొక్క గదిలో ఎందఱు మనుష్యులుండవచ్చునో, ఎన్ని కిలోల మందు ఉండవచ్చునో హద్దులు నిర్ణయింపబడియుండును. అవియు అంకెలే. 21 గ్రాముల మందులో 17 న్యూటను-సెకనుల ప్రచోదనము గలదని పలకమీద తేల్చిన బాలుడు, ఒక కిలో మందులో ఎంత యుండునో ఊహింపగలడు. గోడమీద వ్రాసియున్న హద్దు ఎందుకు వ్రాసిరో గ్రహింపగలడు. హద్దు దాటుమని యెవరైన ఆజ్ఞాపించిన నాడు, అంకె నెఱిగినవాడు "కాదు" అనగలడు. అంకె నెఱుగనివాడు తల వంచి మోయును. న్యాయస్థానము ప్రమాదము జరిగిన తరువాత పరిహారము నిప్పించును. లెక్క ప్రమాదమునకు ముందు ప్రాణమును కాచును. అందుచేతనే ఈ గణితము వినోదము గాదని మేము పదేపదే చెప్పుచున్నాము.

ఇప్పుడు న్యాయవాదులుగా విద్యార్థులకు ఖండితమైన యొక మాట. ఈ ప్రసంగము విని ఇంటికి పోయి మందు నూరుటకు పూనుకొనకుడు. లైసెన్సు లేక ప్రేలుడు పదార్థములను తయారుచేయుట 1884వ సంవత్సరపు ప్రేలుడు పదార్థముల చట్టము ననుసరించి చెఱసాలకు పంపదగిన నేరము. చట్టము సంగతి యటుండనిండు. రోలులో నూరిన మందు వ్రేళ్లను, కన్నులను వయస్సు చూచి విడిచిపెట్టదు. "మఱి లెక్కను పరీక్షించుటెట్లు?" అందురు. దానికి నిప్పులేని రాకెట్టు గలదు.

రెండు లీటర్ల శీతలపానీయపు సీసా, గీతలు, సొట్టలు లేనిది, తీసికొనుడు. అర లీటరు నీరు పోయుడు. రబ్బరు బిరడాలో సైకిలు ట్యూబు వాల్వును అమర్చి, సీసాను తలక్రిందుగా నిలిపి, పంపుతో గాలి కొట్టుడు. లోపలి గాలి యొత్తిడి బయటికంటె మూడు వాతావరణములు, అనగా పంపు మీటరుపై 45 పౌండ్లు, హెచ్చినపుడు బిరడా వదలిన, నీరు సెకనుకు 24 మీటర్లకు పైబడిన వేగముతో చిమ్మును. ఒత్తిడిని మూతి వైశాల్యముతో గుణించి రెండింతలు చేసిన త్రోపుడుబలము వచ్చును. మూడు లక్షల పాస్కలులు, మూతి 3.8 చదరపు సెంటీమీటర్లు. బలము 228 న్యూటన్లు! మన మందు రాకెట్టుకంటె పదియాఱింతలు. అయినను అది చంద్రమండలమునకు పోదేల? ఆ బలము సెకనులో పదవ వంతు కాలముకూడ నిలువదు. అర కిలో నీటిని ఆ వేగముతో గుణించి చూడుడు. ప్రచోదనము ఇంచుమించు 12 మాత్రమే. బలము పెద్దదైనను కాలము చిన్నదైనచో ఫలమెంతో ఈ సీసా చూపును. ఉపాధ్యాయుడు దగ్గఱ నుండవలెను, అందఱును పది గజముల దూరమున నిలువవలెను, సీసామీదికి ఎవరును వంగరాదు. ఇంతకు మించిన వ్యయముగాని, భయముగాని దీనిలో లేదు.

ఒక చిన్న విన్నపముతో ముగించెదము. 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు మొదలగు పెద్దలు విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించి, చరిత్రతోపాటు ప్రకృతి శాస్త్రములనుకూడ తెనుగున అచ్చువేయించిరి. తెలుగు బడులే కఱవైన నైజాము కాలమున, 1918లో నల్లగొండవారు ఆంధ్ర సరస్వతీ గ్రంథనిలయమును నెలకొల్పిరి. 1922లో ఇచ్చటనుండియే నీలగిరి పత్రిక వెలువడెను. సురవరము ప్రతాపరెడ్డిగారు పాలమూరు సీమనుండి వెడలి 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. శాస్త్రము పరభాషలో దాగియున్నంతవఱకు ప్రజల సొత్తు గాదని వారెఱుగుదురు. వారి నాటితో పోల్చిన నేడు మనకు సౌకర్యములు మెండు. బడులు గలవు, పుస్తకములు గలవు, అఱచేతి ఫోనులో ప్రపంచమంతయు గలదు. లేనిది ఒక్కటే: చూచినదానిని లెక్కవేయు అలవాటు.

కావున ప్రతి వాచకాలయమునను ఒక నల్లబల్ల యుండవలెను. వారమునకొక సాయంకాలము మన యూరి యుపాధ్యాయులు పిల్లలచేత దానిమీద ఇట్టి లెక్క నొకదానిని తెలుగున వేయింపవలెను. అది రాకెట్టే కానక్కఱలేదు. బావిమోటారు శక్తి యగుగాక, చెఱువుకట్ట మోయు ఒత్తిడి యగుగాక. ఇంధన కర్మాగారములకు పనికి పోవు యువకులకు మందు కొలతలను, హద్దులను, వాని కారణములను వారి భాషలో బోధింపవలెనని యజమానులను మనమందఱము కోరవలెను. చదువుకొన్నవారు అందుకు స్వచ్ఛందముగా తోడ్పడవలెను; మేము మా సాయంకాలములను అందులకు ఈయ సిద్ధముగా నున్నాము.

ఈ యేటి దీపావళికి మీ బిడ్డ జువ్వను చేతబట్టి వచ్చినపుడు వెంటనే అగ్గిపుల్ల నీయకుడు. ముందు పలక నిండు. అది ఎంత యెత్తు పోవునో వ్రాయుమనుడు. వ్రాసిన పిమ్మట, మీరు దగ్గఱ నిలిచి, వెలిగింపనిండు. కోణమును కొలువనిండు. లెక్క తప్పినచో, ఎచ్చట తప్పెనో మరల వెదకనిండు. అట్లు వెదకు బిడ్డలు నల్లగొండలోను, పాలమూరులోను ఇంటింట పెరిగిననాడు, చేయియు మనదే, లెక్కయు మనదే యగును.